అద్దె ఇంటికి నాడి చూడండి

హిమాయత్‌నగర్ నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇది:

"డాక్టరు గారూ, పోయిన నెల రెండు గదుల వాటా ఒకటి అద్దెకు తీసుకున్నాం. అడ్వాన్సు, సామాను చేరవేత ఖర్చులు పోగా మా చేతిలో పాతిక వేలు మిగిలాయి. ఇల్లు పాతది. మా వారు రంగులు వేయిద్దాం, హాల్లో ఒక గోడకు వాల్‌పేపరు అంటిద్దాం, వాయిదాల మీద సోఫా కొందాం అంటున్నారు. మా బాబుకు నాలుగేళ్ళు. వానాకాలం మొదలుకొని చలికాలం పోయేదాకా రాత్రిళ్ళు రొమ్ములో పిల్లికూతలు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఉన్న డబ్బు ముందు దేనికి ఖర్చు పెట్టమంటారు? ఇది డాక్టరును అడగవలసిన ప్రశ్న కాదేమో, క్షమించండి."

ఇది డాక్టరును అడగవలసిన ప్రశ్నేనమ్మా. అద్దె ఇంట్లో దిగేముందు పాలు పొంగిస్తాం, వాస్తు చూస్తాం, నల్లా ఏ వేళకు వస్తుందో కనుక్కుంటాం. ఆ ఇంటికి ఏమన్నా జబ్బుందా అని మాత్రం చూడం. మీ పాతిక వేలకు నేను చెప్పే వరుస ఇది: మొదట గోడల చెమ్మ, తర్వాత గాలి, ఆ తర్వాత పడక. రంగులు అన్నిటికీ ఆఖరున. ఎందుకో చెబుతాను. దానికి ముందు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట మేము చిక్కడపల్లిలో, త్యాగరాయ గానసభకు కాస్త ఇవతల ఒక సందులో, కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. పడకగది గోడ అడుగున రెండడుగుల మేర పెచ్చులూడుతుండేది. ఇంటాయనకు చెబితే, "పాత ఇల్లు కదండీ, కాస్త నెమ్ము ఉంటుంది" అన్నాడు. సరే అని నేనే ఆ గోడకు ఆయిల్ పెయింటు వేయించి, దాని ముందు ఇనప్పెట్టెలాంటి బీరువా ఒకటి నిలబెట్టించి, పీడ వదిలిందనుకున్నాను. ఆ వానాకాలం మా అమ్మాయికి దగ్గు పట్టుకుంది. సిరప్పులు మార్చాను. అరటిపండు మాన్పించాను, పెరుగు మాన్పించాను. పగలంతా ఆసుపత్రిలో యాభైమంది రొమ్ముల మీద స్టెతస్కోపు పెట్టేవాణ్ణి. రాత్రి ఇంటికొచ్చి పిల్లను తీసుకుపోయి ఆ గదిలోనే పడుకోబెట్టేవాణ్ణి. డిసెంబరులో ఒక ఎలుక బీరువా వెనక దూరితే, దాన్ని తరమడానికి బీరువా జరిపాం. గోడ మీద చాప పరిచినంత మేర నల్లటి బూజు! పెయింటు పొక్కులు పొక్కులుగా లేచి ఉంది. వేలితో నొక్కితే పొక్కులోంచి నీళ్ళు కారాయి. ఆ ఎలుకకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

బూజు అంటే మూలల్లో వేలాడే సాలెగూడు కాదు సుమా. ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే పైన తెట్టులా పడుతుందే, ఆ జాతి. అది కంటికి కనిపించనంత సన్నటి బీజాలను గాలిలోకి వదులుతూ ఉంటుంది. ఉబ్బసం తత్వం ఉన్న పిల్లలు వాటిని పీలిస్తే ఊపిరి గొట్టాలు లోపల వాచి సన్నబడతాయి. ఆ సన్నటి దారిలోంచి గాలి బయటికి వచ్చేటప్పుడు వినిపించే ఈలే మీ బాబు పిల్లికూత. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో ఉబ్బసం బాధలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా ఒక మార్గదర్శక గ్రంథమే ప్రచురించింది. అయితే ప్రతి పిల్లికూతకూ గోడే కారణమని నేననను. జలుబు, ధూళి, అగరొత్తుల పొగ, ఇంట్లో పెద్దల సిగరెట్టు కూడా కారణాలే. గోడ మాత్రం మందు వేసినా మారదు. అందుకే ముందు దాన్ని చూడమంటున్నాను.

గోడను పరీక్షించడానికి ఖర్చు లేదు. జానెడు చదరం పాలిథిన్ కాగితం తీసుకోండి. అనుమానం ఉన్న చోట గోడకు ఆనించి, నాలుగంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించండి. రెండు రోజులు అలా ఉంచి విప్పండి. కాగితానికి గోడ వైపు నీటిబొట్లు ఉంటే తేమ గోడలోంచే వస్తోంది. గది వైపు ఉంటే గోడ తప్పు లేదు, గదిలో గాలి ఆడడం లేదు, వంట ఆవిరీ, ఆరేసిన బట్టల తడీ బయటికి పోవడం లేదు అన్నమాట. ఈ రెంటికీ వైద్యం వేరు.

గోడలోంచి వస్తుంటే ఎక్కణ్ణించో కనిపెట్టండి. పై వాటా స్నానాలగది గొట్టం కారుతున్నదా? డాబా మీద వాననీటి తూము ఆకులతో పూడిందా? నేలలోంచి పైకి పాకుతున్నదా? మొదటి రెండూ అయితే మరమ్మతు ఇంటి యజమాని చేయించవలసిందే. తగాదా వద్దు. ఫోటో తీసి, మర్యాదగా, తేదీ వేసి ఒక చీటీ వ్రాసి ఇవ్వండి. "బాబుకు ఆయాసం, డాక్టరు చెప్పారు" అని కూడా వ్రాయండి. నా పేరు వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఇంకా అడ్వాన్సు ఇవ్వని పాఠకులు ఈ సంగతి ముందే మాట్లాడుకుని, ఒప్పంద పత్రంలో వ్రాయించుకోవడం మంచిది. ఇచ్చాక మాటకు అంత విలువ ఉండదు.

నేలలోంచి పాకే చెమ్మ మొండిది. పాత ఇళ్ళలో దాన్ని పూర్తిగా ఆపడం అద్దెకున్నవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. అలాంటి గోడకు ఆయిల్ పెయింటూ, ప్లాస్టిక్ పెయింటూ వేయకండి. లోపలి తడి బయటికి ఆరే దారి మూసుకుపోయి, పొక్కులెత్తి, నా కథే మళ్ళీ మొదలవుతుంది. ఊడే పెచ్చులు తీసేసి మామూలు వెల్ల వేయించండి. సున్నం గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది. దాని క్షారగుణం వల్ల బూజు త్వరగా అంటదు. పైగా చవక. మన పెద్దవాళ్ళు ఏటా సంక్రాంతికి ముందు వెల్ల వేయించింది ఒక్క అందానికే కాదు. బీరువాను ఆ గోడకు జానెడు ఎడంగా జరపండి. బాబు మంచం ఎదుటి గోడకు మార్చండి. వాల్‌పేపరు మాత్రం వద్దేవద్దు. కాగితం, దాన్ని అంటించే జిగురు రెండూ బూజుకు విందుభోజనం. ఆ విందు మీకు కనిపించకుండా కాగితం వెనక జరుగుతుంది.

ఇప్పటికే పట్టిన బూజును పొడి చీపురుతో దులపకండి. బీజాలు ఇల్లంతా ఎగురుతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, సబ్బునీళ్ళతో తుడిచి, కడిగి, ఫాను పెట్టి ఆరనివ్వండి. ఆ పూట బాబును పక్కింటికి పంపండి. బ్లీచింగు పొడి వాడదలచుకుంటే ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. స్నానాలగది కడిగే యాసిడ్డును దానితో ఎన్నడూ కలపకండి. ఒకటి పోసి, మరకలు పోలేదని వెంటనే రెండోది పోయడం చాలా ఇళ్ళలో చూశాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలింది ఆ వాయువునే. తలుపు మూసిన చిన్న స్నానాలగదిలో దాన్ని పీల్చి ఆసుపత్రి పాలైన ఇల్లాళ్ళున్నారు.

ఇక రంగుల సంగతి. గోడల కంటె నాకు భయం పాత తలుపులూ కిటికీలూ. ఇళ్ళలో వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంటే పది లక్షల పాళ్ళలో తొంభై పాళ్ళు. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా పొర మీద పొర వేసిన ఎనామిల్ పెయింట్లలో ఎంత సీసం ఉందో ఎవరు చెప్పగలరు? పెయింటరు వచ్చి గరుకు కాగితంతో పొడిగా రుద్దడం మొదలుపెడితే ఆ పొడి నేల మీద రాలుతుంది. మీ బాబు నేల మీద ఆడతాడు, వేళ్ళు నోట్లో పెట్టుకుంటాడు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. జ్వరం రాదు, నొప్పి రాదు. అందుకే మనకు తెలియదు. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పగల మోతాదు లేనే లేదు. కాబట్టి పాత పెయింటు గట్టిగా అంటుకుని ఉంటే గీకించకండి, దాని మీదనే కొత్తది వేయించండి. ఊడుతున్న చోట మాత్రం తడిపి రుద్దమనండి. పని జరిగినన్నాళ్ళూ పిల్లలూ, గర్భిణీలూ ఆ ఇంట్లో ఉండకూడదు. సాయంత్రం ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి. కొత్త డబ్బా కొనేటప్పుడు సీసం గురించి దాని మీద ఏమి వ్రాసి ఉందో చదివి కొనండి.

తర్వాత గాలి. హిమాయత్‌నగర్, నారాయణగూడ వైపు అపార్టుమెంట్లలో చాలా వంటిళ్ళు, స్నానాలగదులు ఇరుకు డక్టులోకి తెరుచుకుంటాయి. వాటికి గాలి గొట్టంలోంచి వచ్చినట్టే. మీ డబ్బులో మొదటి కొనుగోలు ఎగ్జాస్ట్ ఫాను. అది గాలిని బయటికి నెట్టాలంటే లోపలికి వచ్చే దారి కూడా ఉండాలి. పోపు వేసేటప్పుడు ఎదురుగా ఒక కిటికీ బారెడు తెరవండి. తలుపు మూసి ఫాను వేస్తే చప్పుడే లాభం.

మీ స్నానాలగదిలో గ్యాస్ గీజరు ఉన్నదేమో మీరు వ్రాయలేదు. ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు వెళ్ళి చూడండి. గాలి చాలని గదిలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటె రెండు వందల రెట్లు మించిన పట్టుతో దీన్ని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం. మనిషి "వేడినీళ్ళు ఎక్కువయ్యాయి కాబోలు" అనుకుంటాడు. ఆ తర్వాత అనుకోవడానికి స్పృహ ఉండదు. గ్యాస్ గీజరు స్నానాలగది బయట, బాల్కనీలోనో, తెరిచి ఉన్న చోటనో మాత్రమే ఉండాలి, నీళ్ళు మాత్రమే లోపలికి రావాలి. ఇంటి యజమాని బిగించి ఇచ్చినా సరే, మార్పించండి. బకెట్టులో వేసే హీటరు కడ్డీ వాడేవాళ్ళు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్ళలో వేలు పెట్టండి. నాలుగేళ్ళ పిల్లవాడున్న ఇంట్లో ఆ బకెట్టు ఉన్న గదికి గడియ వేసి ఉంచాలి.

ఈ సందర్భంలోనే అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్డు పరిసరాల్లో గదులు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నాలుగు మాటలు. మీ ఉత్తరాలు నాకు చాలానే వస్తుంటాయి. తలనొప్పి, నడుం నొప్పి, నిద్రలేమి. అందరి గదీ దాదాపు ఒకటే: డాబా మీద రేకుల గది, ముగ్గురు నలుగురు మనుషులు, ఒకటే కిటికీ, దానికీ అట్టలు అడ్డం. కిటికీ తెరవండి. క్షయ గాలి ద్వారా అంటే జబ్బు. మూసిన గదిలో ఒకరు దగ్గితే అందరూ పీలుస్తారు. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. రేకులు సిమెంటు ఆస్బెస్టాస్‌వి అయితే వాటికి మేకులు కొట్టకండి, రంధ్రాలు వేయకండి. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. నలుగురూ చందా వేసుకుని మార్చినెలలో రేకుల పైన తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే పెయింటో పూయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది ఇందుకే. తెల్లటి కప్పు కింద గదిలో వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. కుర్చీ మాటకు వస్తే, పాదాలు రెండూ నేలకు ఆనాలి. ఆనకపోతే కింద రెండు ఇటుకలూ ఒక పలకా పెట్టుకోండి. కరెంటు బిల్లు భరించలేని మధ్యాహ్నాలకు సిటీ సెంట్రల్ లైబ్రరీ ఎలాగూ ఉంది.

మళ్ళీ మీ ఇంటికి వద్దాం. పడక. డబ్బు కలిసివస్తుందని పాత పరుపు మాత్రం కొనకండి. పాత మంచం కొనవచ్చు, పాత బల్ల కొనవచ్చు. జుమ్మేరాత్ బజారులో బేరమాడి తెచ్చుకున్న ఇనప మంచం నిక్షేపంలా పదేళ్ళు వస్తుంది. పరుపులో మాత్రం పక్కవాళ్ళ నల్లులు కూడా ఉచితంగా వస్తాయి. నల్లులు జబ్బులను మోసుకురావు గాని నిద్ర తింటాయి, ఒళ్ళంతా దద్దుర్లు తెస్తాయి. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి కూడా. కొయ్య మంచం కొంటే ఇంట్లోకి తెచ్చేముందు పెరట్లోనో డాబా మీదనో కీళ్ళన్నిటిలో మసిలే నీళ్ళు పోయండి. రెండు వారాలు పోయాక మళ్ళీ పోయండి, ఎందుకంటే మొదటిసారి తప్పించుకున్న గుడ్లు అప్పటికి పొదిగి ఉంటాయి. ధాన్యంలో వేసే మాత్రలు, అంటే అల్యూమినియం ఫాస్ఫైడ్, ఇంట్లో పెట్టి తలుపులు వేయడం ప్రాణాలతో చెలగాటం. ఆ విషవాయువు గోడ పగుళ్ళలోంచి పక్క వాటాలోకీ పోతుంది. మీ పాత దూది పరుపే ఉంటే ఏకించి కొత్త గలీబు కుట్టించండి. చవకలో అంతకంటె మంచి పరుపు లేదు. ఏకేది మాత్రం వీధిలో, బాబు లేనప్పుడు. దుప్పట్లు వారానికొకసారి వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి.

పొట్టు చెక్కతో చేసిన కొత్త బీరువాలు చవకగా వస్తున్నాయి. తలుపు తీస్తే కళ్ళు మండే వాసన వస్తుందే, అది ఫార్మాల్డిహైడ్. ఆయాసం ఉన్న పిల్లవాడి గదిలో అది పెట్టవద్దు. ఇప్పటికే కొని ఉంటే తలుపులు బార్లా తీసి కొన్ని వారాలు గాలి తగలనివ్వండి. మీ ఇల్లు కింది వాటా అయి, హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ళ నాలా దగ్గరున్నదైతే అసలు ఆ రకం సామానే వద్దు. 2000 ఆగస్టులో, మళ్ళీ 2020 అక్టోబరులో దోమలగూడ, అశోక్‌నగర్ పల్లపు వీధుల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. తడిస్తే ఆ చెక్క ఉబ్బి, రొట్టెలా విరిగి, బూజు పడుతుంది. ఇనప కాళ్ళ సామాను కడుక్కుంటే సరి. ఇల్లు చూడబోయినప్పుడు ద్వారబంధం అడుగున పాత నీటి గీత ఉందేమో వంగి చూడండి. ఇంటాయన చెప్పనిది ద్వారబంధం చెబుతుంది.

నీళ్ళ మాట క్లుప్తంగా. మేడ మీది ట్యాంకూ, కింది సంపూ కడిగించి ఎన్నాళ్ళయిందో అడగండి. మోరీ గొట్టం సంపు పక్కనుంచే పోతున్నదేమో చూడండి. అనుమానం ఉంటే మీకు కూతవేటు దూరంలో నారాయణగూడలోనే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. నీళ్ళ పరీక్ష అక్కడి పనుల్లో ఒకటి. ట్యాంకు నీళ్ళకు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి సరిపోతుంది. కలిపి గంట ఆగి వాడండి. తాగే నీళ్ళు కాచుకోండి. ట్యాంకు మూత బిగించండి, కూలరు నీళ్ళు వారానికొకసారి పూర్తిగా పారబోసి తొట్టి తుడవండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా తీసుకునేది వారం పది రోజులే. అది పగటిపూట కుట్టే దోమ. రాత్రి దోమతెర ఒకటే కడితే చాలదు, కిటికీలకు నైలాను జాలీ అంటించండి. మలేరియా దోమ గుట్టు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే విప్పాడు. ఆయన పేరుతో నల్లకుంటలో ఫీవరాసుపత్రి కూడా ఉంది. దోమలు మాత్రం మనల్ని విడిచిపెట్టలేదు.

సోఫా గురించి మీ వారు అడగమన్నారని వ్రాశారు. అత్తగారి మోకాళ్ళకు ఆ పల్లపు సోఫా పగవాడు. దిగబడిపోయి, లేవలేక, ఇద్దరు చేయి అందించాలి. ఆవిడకు ఎత్తైన, చేతులున్న, గట్టి కొయ్య కుర్చీ ఒకటి కొనండి. కూర్చుంటే తుంటి మోకాళ్ళ కంటె కొంచెం పైన ఉండాలి. మరుగుదొడ్డి గోడకు పట్టుకునే కడ్డీ బిగించడానికి ఇంటాయన అనుమతి అడగండి. ఆ రెండు రంధ్రాలకు ఎవరూ కాదనరు. ధరలు నేను వ్రాయడం లేదు, నాకంటె మీరే బాగా బేరమాడగలరు.

గోడలు, గాలి, పడక సరిచేసినా బాబుకు ఒక నెలలో పిల్లికూతలు తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి. పీల్చే మందు వ్రాస్తే "అలవాటైపోతుంది" అని మానేయకండి, అలాంటిదేమీ లేదు. ఏ రాత్రయినా బాబు ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా తెల్లవారేదాకా ఆగకండి. డాక్టరు ఇంతకు ముందే పీల్చే మందు ఇచ్చి ఉంటే అది పట్టిస్తూ, 108కి ఫోన్ చేసి, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.